పలకరాయిని ప్రశ్నించిన పండితుడు: హెన్రీ క్లిఫ్టన్ సార్బీ జీవితము

మన చదువరులలో పెద్దవారు పెక్కుమంది బాల్యమున నల్లని పలకమీద బలపముతో ఓనమాలు దిద్దినవారే. మార్కాపురము గనులనుండి తీసిన పలకలు ఒకప్పుడు దూరదేశముల బడులకుగూడ పోయెడివి. నేటి పిల్లలకు కాగితపు పుస్తకములు వచ్చినవి గాని, వారి యిండ్లలో ఏ అటకమీదనో ఒక పాత పలక యింకను ఉండకపోదు. దానిని అంచువైపునుండి చూచినచో, అది సన్నని రేకులుగా విడిపోవు స్వభావముగల రాయియని తెలియును. గనిలో పనివాడు బండ అంచున ఉలి నిలిపి సుత్తితో మెల్లగా కొట్టగానే, అది పుస్తకము తెరచినట్లు సమముగా చీలును.

రాయి ఏల యిట్లు చీలుచున్నదని ఒక విద్యార్థి మమ్ము తరగతిలో అడిగెను. నీటి అడుగున బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినందున ఆ పొరలవెంటనే రాయి విడిపోవుచున్నదని మేము తడవుకొనక చెప్పితిమి. ఆ విద్యార్థి సంతోషించి కూర్చుండెను. మా యుత్తరము తప్పు. తప్పని మాకు కొన్నాళ్లకు తెలిసినది. తెలిసిన మరునాడే ఆ తరగతికి పోయి ఒప్పుకొంటిమి. మా తప్పును మాకు చూపినది ఒక ఆంగ్ల పండితుని చరిత్రము. ఆ ప్రశ్నకు సరియైన యుత్తరము కొరకు ఆయన కొండలెక్కెను, రాళ్లను అరగదీసెను, మట్టిని నొక్కెను, లెక్కలు కట్టెను. ఆయన పేరు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. ఆ చరిత్రమును మన పాఠశాల పిల్లలకును వారి తలిదండ్రులకును తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సార్బీ 1826వ సంవత్సరము మే నెల 10వ తేదీన ఇంగ్లండు దేశమున షెఫీల్డు పట్టణమునకు సమీపమున జన్మించెను. షెఫీల్డు కత్తులకును ఉక్కు పనిముట్లకును లోకప్రసిద్ధమైన ఊరు. సార్బీ వంశమువారు తరతరములుగా ఆ వ్యాపారముననే యుండి కలిమి గలవారైరి. హెన్రీ తన తలిదండ్రులకు ఒక్కడే కుమారుడు. బడిలో చదువుకొనుచున్నప్పుడు ఆయనకు ప్రకృతిశాస్త్ర విషయములుగల యొక పుస్తకము బహుమానముగా లభించెను. బహుమాన పుస్తకములను బంధువులకు చూపి బీరువాలో దాచి మరచువారే లోకమున ఎక్కువ. సార్బీ దానిని చదివెను. చదివి, తన జీవితము ఏ దారిని పోవలెనో ఆ యీడుననే నిశ్చయించుకొనెను. పిమ్మట బడి విడిచి, ఇంటనే యొక ఉపాధ్యాయునివద్ద గణితమును ప్రకృతిశాస్త్రములను అభ్యసించెను. ఏ విశ్వవిద్యాలయమునను ఆయన విద్యార్థిగా చేరియుండలేదు.

1847లో తండ్రి మరణించెను. ఇరువదియొక్క యేండ్ల యువకుని చేతికి మితమైన ఆస్తి వచ్చెను. ఉక్కు వ్యాపారము పెంచుకొని మహాధనికుడగుటకు అడ్డేమియు లేదు. అయినను ఆయన ఆ దారి పట్టక, తల్లితో కలిసి షెఫీల్డునందే నిరాడంబరముగా కాపురముండి, ఇంటిలో ఒక గదిని పనిశాలగా మార్చుకొని, జీవితమంతయు పరిశోధనకే వినియోగింప నిశ్చయించెను. ఆయన వివాహము చేసికొనలేదు. వేతనమునకు ఎవరిక్రిందను పనిచేయలేదు.

ఆయన పని యెట్టిదో తెలియుటకు మొదట రాళ్లను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. భూమియందలి రాళ్లు మూడు తెగలు. కరగిన పదార్థము చల్లారి గట్టిపడినవి అగ్నిశిలలు. ఇసుక, బురద, గుల్లలు మొదలగునవి పేరుకొని గట్టిపడినవి అవక్షేప శిలలు. ఈ రెండు తెగల రాళ్లును భూమిలోపల వేడిమికిని ఒత్తిడికిని లోనై, కరగిపోకయే తమ పూర్వరూపమును కోల్పోయి క్రొత్త రూపము దాల్చినచో వాటిని రూపాంతర శిలలందుము. సున్నపురాయి చలువరాయి యగును. బురదరాయి పలకరాయి యగును. ఇంకను లోతునకు పోయినచో మెరయుచుండు అభ్రకపు షిస్టు అను రాయి యగును. మన్ను ఇటుక యగుట మనము చూచుచున్నాము. ఇటుకను చేతబట్టుకొని, దీని మన్ను ఏ చెరువుది, దీనిని ఎంత వేడిమిలో కాల్చిరి అని అడిగినచో చెప్పుట కష్టము. రూపాంతర శిల విషయమున ఆ కష్టము వేయింతలు. మార్పు జరిగిన చోటు మైళ్లకొలది లోతు. జరిగిన కాలము కోట్లకొలది సంవత్సరముల వెనుక. చూచిన సాక్షి యెవడును లేడు.

సార్బీ కాలమున పలకరాయిని గూర్చి పండితులలో గొప్ప వివాదముండెను. కేంబ్రిడ్జి ఆచార్యుడైన సెడ్జివిక్కు 1835లో ఒక ముఖ్యవిషయము వెల్లడించెను. పలకరాతి చీలికయు, పూర్వపు బురదపొరలును ఒకటికావనియు, చీలిక అనేకస్థలములలో పొరలను అడ్డముగా కోసికొని పోవుచున్నదనియు ఆయన చూపెను. మేము తరగతిలో చెప్పిన యుత్తరమును ఆయన అంతకు ముందెన్నడో త్రోసివేసియుండెను. అయితే చీలికకు కారణమేమి? స్ఫటికములను కట్టునట్టి యేదో శక్తి కొండలంతట వ్యాపించి రాతికణముల నొక వరుసను నిలిపినదని సెడ్జివిక్కు ఊహించెను. డేనియల్ షార్పు అను మరియొకడు, పలకరాతిలోని గుల్లలు నలిగి వంకరపోయియుండుట చూచి, రాయి ఒత్తిడికి లోనయినదని 1847లో చెప్పెను. ఎవరి యూహ వారిది. తీర్పు చెప్పదగిన సాధనము వారి చేతులలో లేకుండెను.

ఆ సాధనమును సార్బీ సంపాదించెను. మాంచెస్టరునందలి విలియంసను అను పండితుడు శిలారూపము పొందిన కొయ్యను, ఎముకలను, పండ్లను పలుచగా అరగదీసి సూక్ష్మదర్శనిలో చూచు విద్యలో ఆరితేరినవాడు. సార్బీ ఆయనవద్ద ఆ పని నేర్చుకొని, దానిని సామాన్యమైన రాళ్లకు ప్రయోగించెను. చిన్న రాతిముక్కను కురువిందపు పొడితో ఒక ప్రక్క నున్నగా అరగదీయవలెను. ఆ ప్రక్కను చెట్టుబంకతో గాజుబిళ్లకు అంటింపవలెను. అటుపిమ్మట రెండవ ప్రక్కను, అంగుళములో వెయ్యవవంతు మందము మిగులువరకు ఓపికతో అరగదీయవలెను. అప్పుడు నల్లని రాయిసైతము అద్దమువలె వెలుతురును పోనిచ్చును. దానిలోని కణములు ఒక్కొక్కటియు తన రంగుతో, తన ఆకారముతో కన్నులకు గోచరించును. ఒక్క క్షణము తొందరపడినచో గంటలకొలది పని ధూళియై పోవును. 1849లో ఆయన ఈ పని ప్రారంభించెను. యార్కుషైరు తీరమందలి యొక రాతినిగూర్చి ఈ పద్ధతిని వ్రాసిన మొదటి వ్యాసము 1851లో అచ్చయ్యెను.

లోకము దీనిని మెచ్చుకొనలేదు. కొండలను చూచుటకు కాళ్లును కన్నులును ఉండవలెనుగాని సూక్ష్మదర్శని యెందులకని కొందరు నవ్విరి. సార్బీ వారితో వాదమునకు దిగలేదు. ఆ నవ్వులో కొంత నిజముగూడ కలదని ఆయన యెరిగియుండెనని మాకు తోచుచున్నది. ఏలయన, సూక్ష్మదర్శని దొరకినదని ఆయన కొండలెక్కుట మానలేదు. పలకరాతి విషయమున ఆయన చేసిన పనిని వరుసగా చూచినచో ఇది స్పష్టమగును.

మొదటి సాక్ష్యము కొండలది. డెవన్ ప్రాంతమున సముద్రపుటొడ్డున ఇల్ఫ్రకూంబు అను చోట పలకరాతి నడుమ ఒక ఇసుకరాతి పొర మడతలు మడతలుగా వంగియుండుట ఆయన చూచెను. మెత్తని గుడ్డను రెండు ప్రక్కలనుండి త్రోసినచో మడతలు పడును గదా. ఆ పొరను మడతలవెంట కొలిచి, విప్పి పరచినచో ఎంత పొడవుండునో, ఇప్పుడెంత చోటులో ఇమిడియున్నదో లెక్కించి, ఆ స్థలము ఎంత కుదించుకొనిపోయెనో ఆయన తెలిసికొనెను. చీలిక త్రోపునకు అడ్డముగా నిలిచియుండెను.

రెండవ సాక్ష్యము సూక్ష్మదర్శనిది. వేల్సు దేశపు పలకరాతిని పలుచని రేకుగా అరగదీసి చూడగా, దానిలోని అభ్రకపు తునుకలు అత్యధికభాగము చీలికవైపునకే పండుకొనియుండెను. అదేవిధమైన బురదతో నేర్పడియు చీలిక లేని రాతిలో ఆ తునుకలు నలువైపులకు చెదరియుండెను. పదార్థమొక్కటే, అమరిక మాత్రము వేరు.

మూడవది కొలతల సాక్ష్యము. వేల్సు పలకరాళ్లలో ఊదారంగు నడుమ ఆకుపచ్చని మచ్చలుండును. నలగని రాతిలో ఇట్టి మచ్చలు గుండ్రముగా నుండును. పలకరాతిలో అవి చీలికవైపునకు సాగి, దానికి అడ్డముగా అణగి, కోడిగ్రుడ్డును అదిమినట్లుండెను. వాని పొడవును మందమును కొలిచి, రాయి ఏ దిక్కున ఎంత నలిగెనో, ఏ దిక్కున ఎంత సాగెనో సార్బీ అంకెలతో చెప్పెను.

ఇవి మూడును చాలునని మనమైనచో తృప్తిపడియుందుము. ఆయన నాలుగవ సాక్షినిగూడ పిలిచెను. తెల్లని మెత్తని మన్ను తెచ్చి, దానిలో ఇనుప ఆక్సైడు రేకులను నలువైపులకు చెదరునట్లు కలిపి, ఆ ముద్దను గట్టిగా నొక్కి అణగద్రొక్కెను. పిమ్మట కోసి చూడగా, రేకులన్నియు ఒత్తిడికి అడ్డముగా తిరిగి, వేల్సు పలకరాతిలోని అభ్రకమువలెనే వరుసగా పండుకొనియుండెను. కొండలో జరిగినది బల్లమీద మరల జరిగెను. పలకరాతి చీలికకు ఒత్తిడియే కారణమని ఆయన 1853లో ప్రకటించెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు.

1856లో టిండలు అను ప్రసిద్ధ పండితుడు తెల్లని మైనమును నొక్కి, రేకులేవియు కలుపకయే అది పలకలుగా చీలునని చూపెను. ఒత్తిడియే కారణమని యిద్దరును ఒప్పుకొనిరి. అభ్రకపు రేకులు ఏ పాటి పని చేయునను విషయమున మాత్రము భేదపడిరి. సార్బీ తన మాటతో వివాదము ముగిసినదని అనుకొనక, పరిశోధన సాగించెను. 1863లో మరియొక సంగతి తెలిపెను. ఒత్తిడి ఎక్కువగా తగిలినచోట కణములు నీటిలో సులభముగా కరగి, ఒత్తిడి తక్కువగానున్నచోట మరల గట్టిపడునని ఆయన కనుగొనెను. రేకులు తిరుగుట, కణములు కరగుట, క్రొత్త అభ్రకము పెరుగుట అను మూడును కలిసి పలకచీలికను కలుగజేయునని నేటి శాస్త్రజ్ఞుల మతము.

ఒత్తిడిని గూర్చి యిట్లు తెలిసికొన్నవాడు వేడిమినిగూర్చి యెట్లు తెలిసికొనెను? దీనికి ఆయన పట్టిన యుపాయము మిక్కిలి వింతయైనది. స్ఫటికములు పెరుగునప్పుడు వానిలో కంటికి కానరాని గుంటలేర్పడి, చుట్టునున్న ద్రవము వానిలో చిక్కుకొనును. చల్లారిన తరువాత ఆ ద్రవము కుదించుకొనగా గుంటలో చిన్న బుడగ యేర్పడును. కాచిన నూనెను సీసానిండ పోసి బిరడా బిగించినచో, చల్లారిన పిమ్మట పైన కొంచెము వెలితి కనబడును గదా. ఆ వెలితిని బట్టి, పోసినప్పుడు నూనె ఎంత వేడిగా నుండెనో లెక్కింపవచ్చును. సార్బీ స్ఫటికములోని బుడగను కొలిచి, ఆ స్ఫటికము ఎంత వేడిమిలో పుట్టెనో లెక్కించెను. ఈ లెక్క నిజమా యని పరీక్షించుటకు తన పనిశాలలో లవణముల స్ఫటికములను వేరువేరు వేడిమిలలో తానే పెంచి, వానిలోని బుడగలను చూచెను. గ్రానైటువంటి రాళ్లు పుట్టినప్పుడు మిక్కిలి వేడియైన నీరుగూడ అక్కడ నుండెనని ఈవిధముగా స్థాపించెను. ఈ వ్యాసము 1858లో అచ్చయ్యెను. దానికి ముందటి సంవత్సరముననే రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా గైకొనియుండిరి.

1863లో అభ్రకపు షిస్టును గూర్చి వ్రాసిన వ్యాసమున ఆయన పద్ధతి మరింత తేటగా కనబడును. మెరయుచు, మడతలుపడి, పూర్వరూపమేమో గుర్తింపరాని ఆ రాతిలో నీటి అలలు ఇసుకమీద వ్రాసిన గుర్తులను ఆయన పోల్చుకొనెను. ఒకప్పుడు నీటిక్రింద పేరుకొన్న ఇసుకయు బురదయు ఈ రూపము దాల్చినవని అందువలన నిశ్చయమయ్యెను. ఆ రాతిలోని రేకులు కొన్నిచోట్ల పూర్వపు పొరలవెంటను, కొన్నిచోట్ల తరువాతి ఒత్తిడివలన కలిగిన చీలికవెంటను ఏర్పడినవని విడదీసి చూపెను. కొండను చూచినవాడే రాతిరేకును చూచుటచేత ఈ రెండును తెలిసినవి.

స్వదేశమున నెమ్మదిగా పెరిగిన ఆయన పద్ధతి పరదేశమున వేగముగా వ్యాపించెను. 1861లో ఆయన జర్మనీలో రైను నదీప్రాంతమున సంచరించుచు, జిర్కెలు అను యువకునితో పరిచయము చేసికొని, తన రాతిరేకులను అతనికి చూపెను. జిర్కెలు ఆ విద్య నేర్చి, గొప్ప ఆచార్యుడై, పెక్కుదేశముల విద్యార్థులకు నేర్పెను. సార్బీ ఇట్లు ఒక్కనికి నేర్పిన విద్య లోకమునకంతటికి వచ్చెను.

తన యూరి యుక్కునుగూడ ఆయన మరువలేదు. రాళ్లను చూచిన కన్నులతోనే 1863లో ఉక్కుముక్కను నున్నగా అరగదీసి, ద్రావకముతో తడిపి, సూక్ష్మదర్శనిలో చూచెను. ఉక్కు ఒకే ముద్ద కాదనియు, గ్రానైటువలెనే వేరువేరు కణముల కూర్పనియు తెలిసెను. షెఫీల్డు కార్ఖానాలవారు దీనిని ఇరువది సంవత్సరములకు పైగా లెక్కపెట్టలేదు. తరువాత ఇదియే లోహశాస్త్రమునకు పునాదియయ్యెను.

ఇంతవరకు చెప్పినది ఆయన విజయముల కథ. ఇక ఆయన పొరపాటును చెప్పవలెను. మా దృష్టిలో ఈ చరిత్రకు ప్రాణము ఇదియే.

1869వ సంవత్సరము. భూగర్భశాస్త్ర సంఘమువారు తమ అత్యున్నత బహుమానమైన వొలాస్టను పతకమును ఆ యేట సార్బీకి ఇచ్చిరి. ఆ కాలమున ఆయన వర్ణపటదర్శనిని సూక్ష్మదర్శనితో జతచేసి, మణులగుండా పోవు వెలుతురును పరీక్షించుచుండెను. సింహళద్వీపమునుండి వచ్చిన జిర్కాను మణులలో, వింతయైన నల్లని గీతల వరుస యొకటి ఆయనకు కనబడెను. అట్టి గీతలుండుటచేత క్రొత్త మూలపదార్థము ఉండితీరవలెనని తలచి, దానికి జార్గోనియమని పేరిడి రాయల్ సొసైటీకి తెలియజేసెను. క్రొత్త మూలపదార్థమును కనుగొనుటకంటె గొప్ప కీర్తి శాస్త్రజ్ఞునకు వేరొకటి యేమి కలదు?

కాని ఆయన మనస్సు నిలువలేదు. కొలిమిలో పొంకరపు పూసలు కరగించి, జిర్కానులోని జిర్కోనియా అను మన్నును వేరువేరు పదార్థములతో కలిపి పరీక్షింపసాగెను. జిర్కోనియాలో యురేనియమును లేశమాత్రము కలుపగానే ఆ నల్లని గీతలన్నియు ప్రత్యక్షమయ్యెను. జిర్కోనియా ఒక్కదానిలో అవి లేవు. యురేనియము ఒక్కదానిలోను లేవు. రెండును కలిసినప్పుడు మాత్రమే పుట్టుచున్నవి. జార్గోనియమను పదార్థము లోకమున లేనేలేదు. ఈ సంగతిని ఇతరులు బయటపెట్టువరకు ఆయన వేచియుండలేదు. మరుసటి సంవత్సరముననే, ఏ సంఘము నెదుట తన కీర్తిని చాటెనో ఆ సంఘము నెదుటనే తన తప్పును తానే విప్పి చెప్పి, జార్గోనియమును ఉపసంహరించుకొనెను.

ఈ పొరపాటు ఎట్లు జరిగెనని మేము చాలసేపు ఆలోచించితిమి. పలకరాతి విషయమున నాలుగు సాక్ష్యములు కూడువరకు తీర్పు చెప్పనివాడు, మణి విషయమున వెలుతురు అను ఒక్క సాక్షి మాటనే నమ్మెను. ఆ సాక్షి అబద్ధమాడలేదు. గీతలు నిజముగా నుండెను. వాని యర్థమును తెలుపుటకు మాత్రము ఆ యొక్క సాక్షి చాలలేదు. రెండవ సాక్షియైన రసాయన పరీక్షను పిలిచినది ఆయనయే; అది తన కీర్తికి విరోధముగా పలికినప్పుడు దాని నోరు మూయనిదియు ఆయనయే. విజయమునకును పొరపాటునకును నడుమ నున్న భేదము బుద్ధిలో లేదు, పద్ధతిలో నున్నది.

ఆ యొప్పుదలవలన ఆయన గౌరవమునకు లోటు రాలేదు. 1874లో రాయల్ సొసైటీవారు రాజపతకము నొసగిరి. 1876లో స్థాపింపబడిన ఖనిజశాస్త్ర సంఘమునకు ఆయన మొదటి అధ్యక్షుడయ్యెను. 1878 మొదలు 1880 వరకు భూగర్భశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. తల్లి మరణించిన పిమ్మట ఆయన ఒక చిన్న ఓడను కొని, వేసవికాలములు దానిమీద గడపుచు, తీరములందలి బురదను, అలలను, జలచరములను పరిశీలించెను. షెఫీల్డునందు 1879లో స్థాపింపబడిన ఫర్తు కళాశాలను ఆయన చాలకాలము పోషించెను. విశ్వవిద్యాలయమున అడుగుపెట్టి చదువనివాడు తన యూర విశ్వవిద్యాలయము వెలయుటకు తోడ్పడెను. ఆ కళాశాల పెరిగి 1905లో షెఫీల్డు విశ్వవిద్యాలయమాయెను. ఆయన ఆస్తిలో గొప్పభాగము ఆ విశ్వవిద్యాలయమునకును రాయల్ సొసైటీకిని, పరిశోధనలకై చెందెను.

ముదిమియందు దేహము బలహీనమై ఇల్లు కదలుట కష్టమైనప్పుడు, ఆయన తన పాత పుస్తకములను విప్పి, అరువదేండ్లుగా వ్రాసిపెట్టుకొన్న కొలతలను కూర్చెను. రాళ్ల నిర్మాణమును వాటి చరిత్రను అంకెలతో తెలిసికొను పద్ధతులను గూర్చి ఒక పెద్ద వ్యాసము వ్రాసెను. 1908వ సంవత్సరము మార్చి 9వ తేదీన ఆయన మరణించెను. ఆ వ్యాసము ఆ సంవత్సరముననే అచ్చయ్యెను. అచ్చులో చూచుకొనుటకు ఆయన లేడు.

ఆయన నాటిన విత్తనము మన దేశమునను మొలకెత్తెను. చెన్నపట్టణ ప్రాంతపు రాళ్లను హాలండు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కొండలమీదను సూక్ష్మదర్శనిలోను చూచి, వానికి చార్నొకైటు అని పేరుపెట్టి, 1900లో గొప్ప గ్రంథము ప్రకటించెను. మన తూర్పు కనుమల రూపాంతర శిలకు, అక్కడి ఖోండుజాతివారి పేరుమీదుగా, వాకరు అను పండితుడు 1902లో ఖోండలైటు అని నామకరణము చేసెను. విశాఖపట్టణము చుట్టునున్న కొండలలో విరివిగా కనబడు రాయి ఇదియే. పాడేరు ప్రాంతపు కొన్ని శిలలు 900 డిగ్రీలకు మించిన వేడిమిని చూచినవని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి. ఇది ఏ యొక్క పద్ధతివలనను తెలిసినది కాదు. కొండలమీద ఏ రాయి దేనిని కోసికొనిపోయినదో చూచిరి. రాతిరేకులో ఏ ఖనిజము దేని ప్రక్కన పెరిగెనో చూచిరి. ఎలెక్ట్రాను కిరణములతో ఒక్కొక్క కణమునందలి పదార్థములను తూచిరి. కొలుములలో అట్టి ఖనిజములనే కాల్చి చూచిరి. అన్నియు కూడినప్పుడే తీర్పు చెప్పిరి.

ఇక వాటి వయస్సు? దానిని తెలుపు గడియారము జిర్కాను. దానిలో లేశమాత్రముగా నుండు యురేనియము మెల్లమెల్లగా సీసముగా మారును. ఎంత మారెనో తూచినచో ఎంతకాలము గడచెనో తెలియును. తూర్పు కనుమల శిలలు సుమారు నూరుకోట్ల సంవత్సరముల క్రిందట గొప్ప వేడిమికి లోనైనవని ఈ గడియారమే చెప్పినది. చదువరులారా, చూచితిరా! 1869లో సార్బీని మోసగించినది జిర్కానులోని యురేనియమే. ఆయన తన తప్పును దాచక విప్పి చెప్పుటచేత, ఆ ఖనిజములో ఆ పదార్థము ఇమిడియుండగలదను సత్యము శాస్త్రమునకు మిగిలెను. నేడు అదియే కొండల వయస్సును చెప్పు సాక్షియైనది.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు రాళ్లను చదువవచ్చును. పెక్కుమంది మనుష్యులమధ్య వేరు వృత్తులలో నుందురు. ఎక్కడ నున్నను, ఒక్క గురుతును చూచి తీర్పు చెప్పవలెనను తొందర మీకు కలుగును. ఒకని మాట విని మరియొకని నిందింపవలెనని తోచును. అట్టి సమయమున పలకరాతికి నలుగురు సాక్షులను పిలిచిన యువకుని తలచుకొనుడు. అందరును కలిసి నిజము పలికినప్పుడు ధైర్యముగా చెప్పుడు. మీరు చెప్పినది తప్పని తెలిసినప్పుడు, చెప్పిన చోటనే నిలువబడి ఒప్పుకొనుడు.

మమ్ము ప్రశ్నించిన విద్యార్థి, మేము తప్పొప్పుకొన్న దినమున, ఇంటినుండి ఒక పగిలిన పలకముక్కను తెచ్చి మా బల్లమీద నుంచెను. దానిని ఎండకు పట్టి ఏటవాలుగా చూచినచో సన్నని అభ్రకపు మెరుపు కనబడుచున్నది. అది యిప్పటికిని మా బల్లమీదనే యున్నది.